నాలుగు వేల నూట పన్నెండు వేలిముద్రలు

నమోదు 1. ఏడో రేసు మర్నాడు

ఇది తూనీగ రేసు జట్టు అభిమానుల సంఘం మినిట్స్ రిజిస్టరు. హాజరు, తీర్మానాలు, రేసు ఫలితాలు తప్ప ఇందులో మరేమీ రాయకూడదు. కార్యదర్శిగా పదకొండేళ్లు అలాగే రాశాను. ఈరోజు నావల్ల కాదు. అంత కోపంగా ఉంది.

ఫలితం: నిప్పుకోడి మొదటి స్థానం. తూనీగ నాలుగో స్థానం.

నాలుగు! ఇరవై రెండు చుట్ల రేసులో పద్దెనిమిది చుట్లు మా డ్రైవరు ఓదెలే ముందున్నాడు. ఈ పాత గనిలో ఏడు మెట్ల మీద, మెట్టుకో జట్టుతో బతుకుతున్నాం మేం. గని అడుగున తిన్నటి దారి మీద అతన్ని అందుకున్నవాడు లేడు. ఎక్కుడు దారిలో ఏడో మెట్టు నుంచి ఒకటో మెట్టు దాకా, అక్కణ్ణుంచి పైన యాభై ఏడు డిగ్రీల ఎండలోకి, మళ్లీ కిందికి, ఎక్కడా తడబడలేదు. పందొమ్మిదో చుట్టులో అయిదో మెట్టు మలుపు దగ్గర నిప్పుకోడి డ్రైవరు, ఆ నస్రీన్, లోపలి వైపు నుంచి కారు దూర్చింది. చక్రానికి చక్రం తగిలింది. ఆ తర్వాత మా కారు పాకింది. కళ్ల ముందే ముగ్గురు దాటిపోయారు.

రాత్రి అన్నం దిగలేదు. పొద్దున డ్యూటీకి వెళ్తే అక్కడ దుర్గం పోచయ్య అన్న సిద్ధంగా ఉన్నాడు. పైనుంచి గని లోపలికి గాలి తోసే ఫ్యాన్ల వర్క్‌షాపులో మా ఇద్దరివీ పక్కపక్క బల్లలు. ఇరవై ఏళ్లుగా మోటార్లకి రాగి తీగ చుడుతున్నాం. ఆయనది మూడో మెట్టు, నిప్పుకోడి మనిషి. నాది ఏడో మెట్టు.

“ఏం చెల్లె, మీ ఓదెలు ఎక్కుడుల నిద్రవోయిండా?” అన్నాడు.

“నిద్రవోలేదన్నా. మీ పోరి తెచ్చి గుద్దింది.”

“గుద్దలేదు. ఆయన కారే ఆగింది. ఆగిన కారును తప్పించవోతే చక్రం తాకింది. నేను మలుపు కాడనే ఉన్న.”

“ఆగిందా? రెండు సార్లు చాంపియన్ అయినోడు ఎక్కుడుల పెడల్ మీంచి కాలు తీస్తడా?”

“ముసలోడయిండు మరి.”

చేతిలో ఉన్న తీగ చుట్టని బల్లకేసి కొట్టాను. తీగ మెలికపడింది. దాన్ని సరిచేయడానికి పూట పట్టింది. పోచయ్య అన్న నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వుకి నా ఒళ్లు మండిపోయింది.

ఆయనకి నవ్వులాటే. మూడో మెట్టుకి గాలి బాగానే వస్తుంది. అన్నిటికన్నా కింద ఉన్న మా మెట్టుకి వచ్చేసరికి మిగిలేది ఉక్క. ఈరోజు కూడా మా ఫ్యాన్లు రెండు కాలిపోయి షాపుకొచ్చాయి. పాతికేళ్ల మోటార్లు. అయిదేళ్లకోసారి, ఆ సీజన్‌లో పది రేసులకి అయిదు గెలిచిన కారు మోటారునే ఊళ్లో డెబ్బై రెండు ఫ్యాన్లకీ బిగిస్తారు. ఎవరూ అయిదు గెలవకపోతే ఈ పాత మోటార్లే మరో అయిదేళ్లు తిరగాలి. మాకు మూడు గెలుపులున్నాయి. వాళ్లకి నిన్నటితో నాలుగు. ఒక ఆటలో ఓడితే వచ్చే కోపం కాదిది.

నమోదు 2. ఏడో రేసు తర్వాత ఆరో రోజు

తీర్మానం: నస్రీన్ మీద అభిమానుల ఫిర్యాదు. ఏకగ్రీవం.

రేసు తర్వాత రెండో రోజు జరిగిన సమావేశానికి గోనె జనార్దన్ సారు అధ్యక్షత వహించారు. సంఘానికి అధ్యక్షుడూ ఆయనే, తూనీగ జట్టు వర్క్‌షాపుకి పెద్దా ఆయనే. హాలు నిండిపోయి జనం మెట్ల మీద నిలబడ్డారు.

“రాజమణీ, నీ రాత మస్తు పదునుంటది. ఫిర్యాదు నువ్వే రాయి,” అన్నారు సారు.

రాశాను. ‘ఓడిపోతానన్న అక్కసుతో, ప్రాణం పోయినా సరేనన్న ఉద్దేశంతో, కావాలనే ఢీకొట్టింది’ అని రాసి నిలబడి గట్టిగా చదివాను. హాలు అదిరిపోయేలా చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లంతా జివ్వుమంది. అబద్ధమెందుకు, అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

మొదటి వేలిముద్ర ఓదెలు వేశాడు. ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు, తల వంచుకునే వేశాడు. ఓడిన బాధ అనుకున్నాను.

నాలుగు రోజులు ఇంటింటికీ తిరిగాను. ఒక జట్టు అభిమానులు నాలుగు వేల మంది ముద్రలేస్తే రేసు మండలి ఆ డ్రైవర్ని వెంటనే ఆపాలి. అది నియమం. మాకు నాలుగు వేల నూట పన్నెండు వచ్చాయి. మండలి ఈరోజు ప్రకటించింది. మిగిలిన మూడు రేసులకీ నస్రీన్ లేదు. ఏడో రేసు గెలుపు రద్దు. నిప్పుకోడికి మళ్లీ మూడే.

సాయంత్రం అయిదు గంటలకు వాదన గంట మొదలైంది. ఊరంతా లౌడు స్పీకర్లలో వినే గంట అది. రోజూ రెండు జట్ల వాళ్లు మైకుల్లో తిట్టుకుంటాం. ఈరోజు నిప్పుకోడి వాళ్ల మైకు సగం సేపు మూగగా ఉంది. మా మెట్టు మీద డప్పులు కొట్టారు.

ప్రకటన రాగానే షాపులో పోచయ్య అన్న తన బల్లని ఆ చివరికి జరుపుకున్నాడు. జరుపుకోనీ అనుకున్నాను.

నమోదు 3. ఏడో రేసు తర్వాత తొమ్మిదో రోజు

ఇది రాయడం కష్టంగా ఉంది.

ప్రతి రేసుకీ ఏదో ఒక మలుపు దగ్గర నిలబడి మోటార్ల చప్పుడు రికార్డు చేసుకోవడం పోచయ్య అన్నకి పిచ్చి. ఈరోజు మధ్యాహ్నం అన్నం గంటలో వచ్చి ఆ రికార్డరు నా బల్ల మీద పెట్టాడు. మూడు రోజుల్లో అదే మొదటిసారి నా మొహం చూడటం.

“నేను చెప్తే ఇనవు. నీ చెవులు చెప్తే ఇంటవు గద,” అని వెళ్లిపోయాడు.

పెట్టుకుని విన్నాను. తూనీగ మోటారు ఎక్కుడులో సన్నగా, తీగ లాగినట్టు పాడుకుంటూ వస్తోంది. మలుపుకి ముందు ఆ గొంతు ఒక మెట్టు దిగింది. మరో మెట్టు దిగింది. ఇంకోటి. ఆ తర్వాతే చక్రాలు రాసుకున్న చప్పుడు.

మళ్లీ విన్నాను. పదకొండు సార్లు విన్నాను.

డ్రైవరు కాలు తీస్తే గొంతు జారుతుంది. మెట్లు మెట్లుగా దిగదు. అలా దిగేది ఒక్కదానికే. లోపలి రాగి తీగ చుట్ట, అంటే వైండింగ్, కాలేంత వేడెక్కితే ట్రిప్ సర్క్యూట్ దానంతట అదే పవర్ తగ్గిస్తుంది. రోజూ కాలిపోయిన ఫ్యాన్లు విప్పే నాకు ఆ చప్పుడు తెలియదంటే ఎవరూ నమ్మరు.

మా కారే ఆగింది. దాని వెనక పూర్తి వేగంతో వస్తున్న ఆ పిల్ల రెప్పపాటులో పక్కకి కోసి మా ఓదెలు ప్రాణం కాపాడింది. నేను ఆమెని ప్రాణం తీయబోయిందని రాశాను. నాలుగు వేల మందికి చదివి వినిపించాను.

పోచయ్య అన్న దగ్గరికి వెళ్లి రికార్డరు తిరిగిచ్చాను. “ఏమంటవు?” అని అడిగాడు. “మా కారే ఆగిందన్నా,” అన్నాను. ఆయన ఈసారి నవ్వలేదు.

నమోదు 4. ఏడో రేసు తర్వాత పదో రోజు

జనార్దన్ సారు దగ్గరికి వెళ్లాను. వర్క్‌షాపులో కారు విప్పి ఉంది. విన్నదంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోతారని, తల పట్టుకుంటారని అనుకున్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ నన్ను మెచ్చుకున్నారు.

“అబ్బ, చెవంటే నీది రాజమణీ. మా ఇంజనీర్లు మోటారు విప్పితే గాని తెలుసుకోలే.”

“మీకు ముందే తెలుసా సారు?”

“రేసు అయిన పూటనే తెలుసు. చలికాలంల మూడు గెలిచినం గద, అప్పుడు ఈ రోగం బయటవడలే. ఎండ ముదిరినంక వేడి తట్టుకుంటలేదు.”

“మరి ఫిర్యాదెందుకు రాయించిన్రు నాతోని?”

“ఒక గెలుపు తగ్గింది గద వాళ్లకు. నువ్వు కోపంల ఉంటివి. కోపంల రాస్తె మంచిగొస్తది.”

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నారో అంత మామూలుగానే రాస్తున్నాను.

కారు వైపు చూశాను. మోటారు పక్కన ట్రిప్ సర్క్యూట్ ఉండాల్సిన చోట రెండు తీగలు నేరుగా కలిపి టేపు చుట్టి ఉన్నాయి.

“తీసేసిన్రా?”

“తీసేస్తే గొంతు దిగదు. ఆగదు. ఇంక రెండు గెలిస్తె చాలు.”

“వైండింగ్ కాలిపోతది సారు! ఓదెలు వీపుకు జానెడు దూరంల ఉన్నది. అయినా గెలిచినంక ఇదే మోటారు ఊరికి బిగిస్తరు గద. ఎండకాలంల డెబ్బై రెండు ఫ్యాన్లు ఒక్కసారే ఆగితే ఏంగావాలె జనం?”

“అప్పటికి సరిజేస్తం. ఏడో మెట్టు పేరు ఊరంత ఇనవడాలె ముందు. నీకు గది ఒద్దా?”

కావాలి. పుట్టినప్పటి నుంచీ అదే కావాలి. అందుకే ఆ మాటకి మరింత మండింది. బల్ల మీదున్న నట్ల డబ్బా తన్నేసి వచ్చేశాను.

అక్కణ్ణుంచి ఓదెలు దగ్గరికే వెళ్లాను. మంచు ముక్కలు నింపిన జాకెట్టు తొడుక్కుని కసరత్తు సైకిలు తొక్కుతున్నాడు. నన్ను చూసి దిగాడు.

“ఆ రోజు కారు అదే ఆగిందని నీకెరుకేనా?” అన్నాను.

తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

“ఎరుకే అక్కా.”

“ఎరికుండి మొదటి ముద్ర నువ్వేసినవా?”

“నోరిప్పితే సీటు వోతది. ముప్పై ఆరేళ్లోణ్ని. మళ్ల ఎవడిస్తడు?”

నా ఇంట్లో గోడ మీద ఈ మనిషి బొమ్మ ఉంది. చెంప మీద కొట్టాలనిపించింది. కొట్టలేదు. ట్రిప్ సర్క్యూట్ తీసేసిన సంగతి చెప్పాను. అతని మొహం పాలిపోయింది. వెంటనే, “సారు అట్ల జెయ్యడు. నీకు పోచయ్య ఎక్కిచ్చిండు,” అన్నాడు.

“నమ్మకపోతె నమ్మకు. ఒక్కటి ఇను. తీగ మీది వార్నిష్ కాలేముందు మోటారు గొంతు బొంగురువోతది. గొంతు కింద ఇంకో గొంతు ఇనవడ్తది. అది ఇన్నంక ముప్పై లెక్కవెట్టేదాక టైముంటది నీకు. గంతే.”

అతను మళ్లీ సైకిలెక్కాడు.

నమోదు 5. ఏడో రేసు తర్వాత పన్నెండో రోజు

వాదన గంటలో తూనీగ మైకు ముందు నిలబడి, “ఫిర్యాదు రాసింది నేను. అది అబద్ధం,” అన్నాను. అంతే వినబడింది ఊరికి. జనార్దన్ సారు మైకు తీగ పీకేశారు.

హాల్లో మిగతాది గొంతు చించుకుని చెప్పాను. ట్రిప్ సర్క్యూట్ సంగతి, మోటారు గొంతు మూడు మెట్లు దిగిన సంగతి. మొదట ఈల వేశారు. తర్వాత తిట్టారు. “మూడో మెట్టుకు అమ్ముడువోయింది!” అని అరిచింది మా గోడకవతల ఉండే సాయవ్వ. ఆమె చంటిదానికి జ్వరమొస్తే నా వంతు మంచు రెండు వారాలు ఇచ్చాను. ఎవరో ప్లాస్టిక్ గ్లాసు విసిరితే కనుబొమ్మ చిట్లింది.

“మన మోటారు చెడ్డదని మన మనిషే అంటదా?” అన్నాడొకాయన.

“మన మోటారు గాబట్టే నేను జెప్తున్న!” అన్నాను. ఎవరూ వినలేదు. నిన్నటి దాకా నేనూ అలాగే ఈల వేసేదాన్ని. ఆ వరసలోనే కూర్చునేదాన్ని.

నన్ను కార్యదర్శి పదవి నుంచి తొలగించారు. రిజిస్టరు ఇమ్మన్నారు. ఇవ్వను. ఆ తీర్మానం మినిట్స్‌లో రాసేవరకు నేనే కార్యదర్శిని, నేను రాయడం లేదు.

రేసు మండలికీ వెళ్లాను. రికార్డింగు విన్నారు. నిన్ననే సీలు వేసిన కారుని రేసు ముందు విప్పే అధికారం తమకి లేదన్నారు. సీజన్ చివర విప్పుతారట. సీజన్ చివర దాకా ఓదెలు వీపు ఆగాలి.

నమోదు 6. ఎనిమిదో రేసు రోజు

మధ్యాహ్నం పన్నెండుకి మొదలైంది. పైన యాభై ఎనిమిది డిగ్రీలు. నేనూ పోచయ్య అన్నా ఎక్కుడు దారిలో నాలుగో మెట్టు కమ్మీల దగ్గర నిలబడ్డాం. ఆయన రికార్డరు పట్టుకున్నాడు. నాకు అవసరం లేదు.

నస్రీన్ లేని రేసు. ఓదెలు మొదటి చుట్టులోనే ముందుకొచ్చాడు. పదో చుట్టుకి అరమెట్టు దూరం ఉంది మిగతావాళ్లతో. మా మెట్టు జనం పూనకం వచ్చినట్టు ఊగుతున్నారు. నేను మోటారు గొంతే వింటున్నాను.

పదమూడో చుట్టులో ఆ చప్పుడు విన్నాను. సన్నటి గొంతు కింద, గిన్నె అడుగు గీకినట్టు, మరో గొంతు.

“అన్నా!”

“ఇనవడ్డది చెల్లె.”

కారు మా ముందు నుంచి వెళ్లిపోయింది. ఒకటి, రెండు, మూడు. పైకి లెక్కపెడుతున్నాను. ఏడు. ఎనిమిది. రెండో మెట్టు మలుపు తిరిగాడు. పదకొండు. ఆగు. ఆగరా. పదిహేను. కమ్మీ పట్టుకుని కిందా మీదా పడుతున్నాను. పద్దెనిమిదికి కారు పక్కకి తప్పుకుంది. గోడ వారన ఆగింది. ఓదెలు బెల్టులు విప్పుకుని బయటకు దూకి నడవడం మొదలుపెట్టాడు. పరిగెత్తలేదు, నడిచాడు.

కింద అభిమానులకి కనిపించింది ఒక్కటే. ముందున్న మనిషి, నిక్షేపంలాంటి కారు ఆపేసి దిగిపోయాడు. ఏడో మెట్టు నుంచి లేచిన తిట్లు పైదాకా వినిపించాయి. “పిరికోడా!” అన్నారు. “ఎంత దిన్నవురా!” అన్నారు.

ఓదెలు ఇరవై అడుగులు వేశాడో లేదో కారు వెనక భాగం నుంచి తెల్లటి పొగ చిమ్మింది. ఆ తర్వాత మంట. డ్రైవరు కూర్చునే చోటు క్షణాల్లో నల్లబడిపోయింది.

పోచయ్య అన్న నా భుజం పట్టుకున్నాడు. నేను కమ్మీ కింద కూలబడి ఏడ్చాను. భయం తీరి కాదు. అంత మంట చూశాక కూడా కింద తిట్లు ఆగలేదు, అందుకు.

రేసు అయిదో మెట్టు వాళ్లు గెలిచారు. మండలి సాయంత్రమే, కాలగా మిగిలిన మోటారు విప్పింది. ట్రిప్ సర్క్యూట్ లేకుండా నేరుగా కలిపిన తీగలు దొరికాయి. తూనీగ కొత్త మోటారు నిషేధం. జనార్దన్ సారుకి జట్టులో పని పోయింది. వాదన గంటలో మా మైకు ఏమంది? నిప్పుకోడి వాళ్లే రాత్రికి రాత్రి వచ్చి తీగలు కలిపి పోయారంది.

నమోదు 7. ఎనిమిదో రేసు తర్వాత రెండో రోజు

మూడో మెట్టుకి వెళ్లాను. నస్రీన్ నీళ్ల వరసలో రెండు క్యాన్లు పట్టుకుని నిలబడి ఉంది. స్పీకర్లలో పేరు విని విని పెద్ద మనిషి అనుకుంటాం. ఇరవై నాలుగేళ్ల పిల్ల, సన్నగా, మోచేతుల మీద కాలిన మచ్చలతో.

“నేను రాజమణి. నీ మీద ఫిర్యాదు రాసింది నేనే.”

“ఎరికే. ఏడో మెట్టు దాక పోకున్నా ఇనవడ్డది మీ గొంతు,” అంది.

తప్పయిపోయిందన్నాను. క్షమించమన్నాను. ఆమె వరసలో ఒక అడుగు ముందుకి జరిగింది, క్యాను జరుపుకుంది.

“మాఫీ అడిగితే మీకు నిద్రవడ్తది. నాకేమొస్తదమ్మా? రేస్ పోయింది. గెలిచిన రేస్ గూడ పోయింది. మా అమ్మ బజారుకు వోతే ‘ప్రాణాలు దీసేదాని తల్లి’ అన్నరు. మీరు రాసిన మాటే, మీరు రాసినట్టే అన్నరు.”

ఆమె రెండో క్యాను నేను ముందుకి జరిపాను.

“మండలి కాడికి పోయి వచ్చిన నేను,” అంది. “మోటారు తప్పని తేలినా అభిమానుల ఫిర్యాదు ఫిర్యాదేనంట. ముద్రలేసినోళ్లల్ల సగం మంది మళ్ల ముద్రేసి వాపస్ తీసుకోవాలంట. అప్పటిదాక కారెక్కనియ్యరు. మీరే గద ఇంటింటికి తిరిగింది? మళ్ల తిరగుండ్రి.”

క్యాన్లు నింపుకుని వెళ్లిపోయింది. కోపం రావాల్సింది ఆమెకి. కానీ తిరిగొచ్చే దారంతా నేనే ఊగిపోయాను. ఆమె మీద కాదు.

నమోదు 8. ఎనిమిదో రేసు తర్వాత నాలుగో రోజు నుంచి తొమ్మిదో రేసు దాకా

కావలసింది రెండు వేల యాభై ఆరు. పదో రేసు ముందు రోజు దాకా గడువు.

మొదటి రోజు నూట ముప్పై తలుపులు కొట్టాను. తొమ్మిది ముద్రలు. రెండో రోజు పద్నాలుగు. సాయవ్వ తలుపు తీసి మొహం చూసి వేసేసింది.

డ్యూటీ దిగాక పోచయ్య అన్న వస్తున్నాడు. మూడో మెట్టు మనిషిని లోపలికి రానివ్వరు కాబట్టి సందు మొదట్లో సిరా డబ్బా, మంచినీళ్లు పట్టుకుని నిలబడతాడు. ఇద్దరం నడుస్తూ మళ్లీ వాదించుకుంటున్నాం.

“నస్రీన్ మలుపులల్ల గట్టిదే. తిన్నటి దారి మీద ఓదెలు ముందల నిలవదు,” అంటాను.

“తిన్నటి దారి మీద నేను గూడ నడుపుత,” అంటాడు.

తలుపు తీసినవాళ్లు చెప్పేది ఒక్కటే. “మోటారు పాడయితే పాడయింది. ఆ పోరి మాత్రం గుద్దింది.” “నువ్వే గద రాస్తివి, మేము నిన్ను నమ్మి ఏసినం.” ఆ రెండో మాట అన్న ప్రతివాళ్లకీ, “అవును, నన్నే నమ్మిన్రు. అందుకే నేనే వచ్చిన,” అన్నాను. కొంతమంది వేశారు. ఒకావిడ వేసి, సిరా వేలు నా చీరకే తుడిచింది.

తొమ్మిదో రేసు రెండో మెట్టు వాళ్లు గెలిచారు. నేను చూడలేదు. తలుపుల దగ్గరున్నాను. అప్పటికి నాలుగు వందల ముప్పై ఒకటి. ఎక్కువ మంది అడిగింది, “ఓదెలు వాపస్ తీసుకున్నడా?” అని.

నమోదు 9. పదో రేసుకి నాలుగు రోజుల ముందు నుంచి గడువు దాకా

ఓదెలు ఇంటి గోడ మీద బొగ్గుతో బూతులు రాసి ఉన్నాయి. లోపల చీకట్లో కూర్చుని ఉన్నాడు.

“నీ ముద్ర కావాలె,” అన్నాను.

కాయితం తీసుకుని వెంటనే వేశాడు. తర్వాత, “పద్దెనిమిది లెక్కవెట్టేదాక నమ్మలే అక్కా నిన్ను,” అన్నాడు.

“నేను గూడ పద్దెనిమిది లెక్కవెట్టిన. చెప్పు తొడుక్కో. ఇంటింటికి పోదాం.”

“నన్ను చూస్తె కొడ్తరు.”

“నన్ను కొట్టిన్రు గద. రా.”

వచ్చాడు. మొదటి ఇంటి ముందు నిలబడి, “నస్రీన్ గుద్దలేదు. నా కారు ఆగింది. ఎరికుండి చెప్పలేదు నేను,” అన్నాడు. ఆ ఇంటాయన ఓదెలు మొహం మీదే తుపుక్కున ఉమ్మి, కాయితం లాక్కుని ముద్ర వేశాడు. ఓదెలు మొహం తుడుచుకుని పక్క తలుపు కొట్టాడు.

నాలుగు రోజులు. ప్రతి తలుపు దగ్గరా ఆ మూడు మాటలే, అదే వరసలో, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాడు. సాయవ్వ అతని మాట విని ముద్ర వేసింది. నన్ను మాత్రం చూడలేదు. గోడ మీద బొమ్మని నేను తీసేశాను, మళ్లీ పెట్టను. కానీ ఆ నాలుగు రోజుల మనిషి గురించి కూడా ఇందులో ఉండాలి, అందుకే రాస్తున్నాను.

గడువు రోజు మూడింటికి మండలిలో ఇచ్చాం. రెండు వేల నూట ఎనభై. మిగతా వాళ్లు ఇప్పటికీ ఆమె గుద్దిందనే అంటున్నారు. అననీ.

ఏడో రేసు గెలుపు తిరిగి నమోదైంది. నిప్పుకోడికి నాలుగు.

నమోదు 10. పదో రేసు, ఆ మరుసటి సోమవారం

తూనీగ గ్యాలరీలోకి నన్ను రానివ్వలేదు. పోచయ్య అన్న తమ గ్యాలరీలో చోటుందన్నాడు.

“చచ్చినా ఆడ కూసోను,” అన్నాను.

“కూసోకు. ఎండల నిలవడు,” అని తనే వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

ఓదెలు పోయినేటి పాత మోటారుతో దిగాడు. ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నస్రీన్ గెలిస్తే నిప్పుకోడికి అయిదు, ఊరికి కొత్త ఫ్యాన్లు. ఓడితే పాత ఫ్యాన్లే, మా మెట్టుకి మరో అయిదేళ్ల ఉక్క. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా జెండా ఊపగానే నా నోరు ఓదెలు పేరే అరిచింది. నా నోరు నా మాట వినలేదు.

అతను అలాంటి రేసు ఎన్నడూ నడపలేదు. బలం లేని కారుతో తిన్నటి దారి మీద ఆమెని పదిహేడు చుట్లు వెనకే ఉంచాడు. ఆమె ప్రతి మలుపులోనూ ముక్కు చూపించింది. అతను ప్రతిసారీ అడ్డం వచ్చి దారి మూసేశాడు. దారి ఇచ్చేయొచ్చు, ఊరు సంతోషిస్తుంది. ఇవ్వలేదు. ఇవ్వనందుకు నేను కన్నీళ్లతో అరిచాను. పద్దెనిమిదో చుట్టులో, ఎక్కుడు దారిలో, నస్రీన్ బయటి వైపు నుంచి, గోడకి బెత్తెడు దూరంలో దాటింది. చక్రం తగల్లేదు. ఆమె మోటారు గొంతు మొదటి నుంచి చివరిదాకా ఒక్క మెట్టు కూడా దిగలేదు.

ఓడిపోయాం. రెండో స్థానం.

కార్లు దిగాక ఓదెలు ఆమె దగ్గరికి వెళ్లి ఏదో అన్నాడు. ఆమె తలూపింది గానీ చెయ్యి కలపలేదు. నా వైపు అసలు చూడలేదు. ఆమె చూడాలని నేను అనుకోనూ లేదు.

సోమవారం షాపుకి నిప్పుకోడి మోటారు నమూనా వచ్చింది. పోచయ్య అన్న బల్ల తిరిగి నా పక్కకి వచ్చింది, ఎవరు జరిపారో అడగలేదు. మొదటి ఫ్యాను ఏ మెట్టుకి వెళ్లాలో మండలి కాయితంలో రాసి ఉంది: ఏడు.

తీగ చేతిలోకి తీసుకున్నాను. రెండు వందల నలభై చుట్లు. కోపం తగ్గలేదు. జనార్దన్ సారు మీద, నా రాత మీద, ఈ సన్నటి మంచి తీగ మా వాళ్లకి ఎందుకు తట్టలేదన్న దాని మీద. పళ్లు కొరుక్కుంటూనే చుట్టాను.

“ఎన్నైనయ్ చెల్లె?” అని అడిగాడు పోచయ్య అన్న.

“మాట్లాడకు అన్నా. లెక్క తప్పుతది,” అన్నాను.

రెండు వందల నలభై చుట్టాను. విప్పి మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టాను. రెండు వందల నలభయ్యే.